ఏప్రిల్ 5తో ఆపేయకండి, మంత్రిగారూ

కేంద్ర ఓడరేవులు, షిప్పింగ్, జలమార్గాల శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

ఏటా ఏప్రిల్ 5న మీ శాఖ జాతీయ నౌకాయాన దినోత్సవం చేస్తుంది. 1919లో ఆ రోజున సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది కదా, అందుకని. బాగుంది. కానీ మా తూర్పు తీరంవాళ్లకు క్యాలెండర్లో ఆ పక్క గడి కూడా ఉంది. 1942 ఏప్రిల్ 6, సోమవారం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ రోజు జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ పెళ్లిళ్లూ పురుళ్లూ అన్నీ ‘బాంబులేసిన యేడు’ నుంచే లెక్క కట్టేది. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరిగెత్తిందట. రాజేంద్రప్రసాద్‌గారు శంకుస్థాపన చేసిన షిప్‌యార్డుకు అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆ దాడి నాటి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తుంటాం. బాంబుకు చోటు దొరికింది గానీ, అదే రోజు మన సముద్రంలో మునిగిన సరుకు ఓడల పేర్లు మాత్రం బీచ్ రోడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా నాకు ఎక్కడా కనబడలేదు.

అసలేం జరిగిందంటే, కలకత్తా రేవు మీద దాడి జరుగుతుందన్న భయంతో అక్కడున్న ఓడల్ని ఖాళీ చేయించి, తీరం వెంబడి పొమ్మన్నారు. కాపలాగా యుద్ధనౌకలు లేవు. ఉంటే గింటే ఓడ వెనక ఒక ఫిరంగి, అంతే. ఎదురుగా వచ్చింది జపాన్ అడ్మిరల్ ఒజావా దళం: విమానవాహక నౌక ర్యూజో, ఆరు క్రూయిజర్లు, డెస్ట్రాయర్లు, అన్నీ యుద్ధనౌకలే. కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో 20 దాకా సరుకు ఓడలు పోయాయి. మాల్డా, ఆటోలికస్, సిల్క్స్‌వర్త్, ఇండోరా, గాంజెస్, సెల్మా సిటీ... ఇంకా ఉన్నాయి.

వాటిలో రెండు ఓడల సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. డార్డనస్ మీద ముందురోజే బాంబు పడి ఇంజను చచ్చిపోయింది. ఆ దారిన పోతున్న గండారా అనే ఇంకో సరుకు ఓడ ఆగింది. ఆగాల్సిన పని లేదు. శత్రువు ఆ చుట్టుపక్కలే ఉన్నాడు, తన ప్రాణం తాను చూసుకుని పోవచ్చు. అయినా మోకు కట్టి డార్డనస్‌ను మద్రాసు వైపు లాగడం మొదలుపెట్టింది. చచ్చిన ఓడను లాగే ఓడ ఎంత వేగంగా పోగలదు? మర్నాడు క్రూయిజర్లు వచ్చి రెండింటినీ ముంచేశాయి. మన కృష్ణా, గోదావరి ముఖాలకు ఎదురుగా ఉన్న సముద్రంలోనే.

గండారా, మాల్డా, ఇండోరా బ్రిటిష్ ఇండియా అనే నౌకా రవాణా కంపెనీ ఓడలు. బొగ్గు కొట్టేవాళ్లు, డెక్కు కడిగేవాళ్లు ఎక్కువమంది మన ఉపఖండంవాళ్లే. లస్కర్లు అనేవారు. (గోదావరి జిల్లాల్లో కాలువ లాకుల దగ్గర ఉండే లస్కరుదీ అదే మాట.) సిల్హెట్, చిట్టగాంగ్, గోవా, పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు. తెల్ల నావికుడి జీతంలో చిన్న ముక్క వీళ్లకు దక్కేది, టార్పెడోకు మాత్రం ఆ తేడా తెలియదు. ఆ యుద్ధంలో పోయిన భారతీయ నావికుల పేర్లు రాసిన పుస్తకం ముంబైలో ఒకటి, చిట్టగాంగ్‌లో ఒకటి ఉన్నాయి. వాళ్లలో తెలుగువాళ్లెందరని నేను అడగడం లేదు. మన నీళ్లలో పోయారు, అది చాలు.

అయ్యా, పెద్ద కోరికేం కాదు. ఆర్కే బీచ్‌లో 1971 యుద్ధ విజయానికి స్తూపం ఉంది, కురుసుర సబ్‌మెరైన్ ఉంది. వాటి దరిదాపుల్లో ఒక నల్లరాయి పెట్టించండి. ఓడల పేర్లు తెలుగులో చెక్కించండి. ముంబైలో ఉన్న పుస్తకానికి ఒక నకలు తీయించి విశాఖ మ్యూజియంలో, ఆ బాంబు పక్కనే పెట్టించండి. మీ నౌకాయాన వారోత్సవాలు ఏటా 5తో ముగుస్తాయి. విశాఖలో ఇంకొక్క పూట పొడిగించండి, రాయి దగ్గరకు పూలు మేమే తెచ్చుకుంటాం.

ఒక్క మనవి. పేర్లు అక్షరక్రమంలో పెడదామని మీ ఆఫీసువాళ్లు అంటారేమో. ఎలా పెట్టినా సరేగానీ, డార్డనస్, గండారా మాత్రం పక్కపక్కనే ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక విశాఖవాసి