ఈ సీజన్‌లో నడక దూరం ఎందుకు తగ్గించామంటే: మా కుటుంబాలకు ఒక వివరణ

మా వెంట కొండ నడకలకు వచ్చే తల్లిదండ్రులందరికీ నమస్కారం.

చిన్న పిల్లలున్న కుటుంబాలను మూడేళ్లుగా ఆదివారం పూట హైదరాబాదు నుంచి అనంతగిరికి, భువనగిరికి తీసుకువెళ్తున్న మా చిన్న వ్యాపారం ఈ నవంబరులో మళ్లీ మొదలవుతోంది. కొత్త వివరాలు చూసిన పలువురు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు: నడక ఆరు కిలోమీటర్ల నుంచి మూడుకు తగ్గింది, రుసుము మాత్రం 1800 రూపాయల నుంచి 2600కు పెరిగింది, ఇదేం లెక్క అని. ప్రశ్న సబబైనదే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, జరిగింది జరిగినట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

గత ఫిబ్రవరి చివరి ఆదివారం భువనగిరి కోటకు పన్నెండు కుటుంబాలతో వెళ్లాము. ఎండలు ముదరకముందే సీజన్ ముగించాల్సింది, ఒక్క వారం ఆదాయానికి ఆశపడి పొడిగించాను. ఇద్దరు ముగ్గురు ఆలస్యంగా రావడంతో బస్సు ముప్పావు గంట నిలబడింది, మెట్ల దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. భువనగిరి కోట ఉన్నది ఒకే రాతి గుండు మీద, దాని ఎత్తు సుమారు 500 అడుగులు, దారి పొడవునా చెట్టు నీడ దాదాపుగా ఉండదు. ఆ వేళ తిరిగి రావడమే సరైన నిర్ణయం. కానీ "పిల్లలతో కోట శిఖరానికి" అని ప్రకటన వేసింది నేనే కాబట్టి, డబ్బు కట్టినవారిని సగం దారిలో వెనక్కి తిప్పడానికి నాకు నోరు రాలేదు. పదకొండున్నరకు దిగుతున్నప్పుడు బండ కాలిపోతోంది. నాలుగేళ్ల బాబు ఒకడు రెండుసార్లు వాంతి చేసుకుని, ఏడవడానికి కూడా ఓపిక లేక తండ్రి భుజం మీద వాలిపోయాడు. నీడకు చేర్చి, తడి తువాలుతో ఒళ్లు తుడిచి, ఓఆర్ఎస్ గుక్క గుక్కగా తాగించాక తేరుకున్నాడు. ఆసుపత్రిలో చూపించి సాయంత్రానికి ఇంటికి చేర్చాము. ఆ కుటుంబానికి డబ్బు తిరిగి ఇచ్చాను, క్షమాపణ చెప్పాను, వారు మళ్లీ మా దగ్గరికి రాలేదు. రాకపోవడంలో వారి తప్పేమీ లేదు.

భువనగిరి పేరు చెప్పగానే చాలామంది తల్లిదండ్రులు మాలావత్ పూర్ణను తలుచుకుంటారు. ఆమె 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, దానికి ముందు భువనగిరి బండల మీద శిక్షణ పొందింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు నిండాయి, ఆ శిక్షణ కూడా నెలల తరబడి సాగింది. నాలుగేళ్ల పిల్లవాడిని ఆమె పేరుతో ఉత్సాహపరచడం మంచిదే గానీ, ఆ పేరుతో ఎండలో నడిపించడం మంచిది కాదు. ఇది నాకు నేను చెప్పుకుంటున్న మాట కూడా.

ఆ వేసవిలో మా నడకల నోటు పుస్తకం తిరగేశాను. ఎక్కడ ఆగాము, ఎంతసేపు ఆగాము, ఎవరు ఏడ్చారు అనేవి మా సహాయకురాలు ప్రతిసారీ రాసిపెడుతుంది, నేను అంతవరకు వాటిని శ్రద్ధగా చదవలేదు. పిల్లలు సంతోషంగా ఉన్న చోట్లన్నీ మేము ఆగాలనుకోని చోట్లే. అనంతగిరిలో ఒక చెదపుట్ట దగ్గర ఇరవై నిమిషాలు, ఎండిన వాగులో నున్నటి రాళ్లు ఏరుకుంటూ అరగంట, మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే అని చెప్పినప్పుడు "మన పురానాపూల్ కింద ఉండే మూసీయేనా?" అని నమ్మలేక అడిగిన ప్రశ్నల మీద పావుగంట. ఏడుపులన్నీ "ఇంకా కొంచెం దూరమే, పైకి వెళ్తే బాగుంటుంది" అని మేము తొందరపెట్టిన చోట్ల వచ్చాయి. అందుచేత ఈ ఏడాది నడకను కిలోమీటర్లలో కాక గంటల్లో లెక్కిస్తున్నాము. మొత్తం మూడు గంటలు, ఆగడాలు అందులోనే. ఆ సమయంలో రెండు కిలోమీటర్లే నడిస్తే రెండే, మూడు నడిస్తే మూడు. సగం సమయం కాగానే ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి తిరుగుతాము. భువనగిరి నడక ఇకమీదట ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే, అదీ డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రమే. ఉదయం ఏడుకు మొదటి మెట్టు ఎక్కకపోతే ఆ రోజు ఎక్కము, డబ్బు తిరిగి ఇచ్చేస్తాము.

ఇక మీ వైపు నుంచి చేయవలసిన ఏర్పాట్లు. వీటిలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి బూట్లు, అందుకే వాటి గురించి కాస్త విస్తరంగా రాస్తున్నాను. నడక కోసమని శనివారం సాయంత్రం కొత్త బూట్లు కొని ఆదివారం తొడిగించేవారు ప్రతిసారీ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. కిలోమీటరు తిరక్కుండానే మడమ మీద బొబ్బ లేస్తుంది, ఆ తరువాత ఆ పిల్లకు అడవీ కనిపించదు, నెమలీ కనిపించదు. పాత బూట్లే మేలు, కానీ అడుగున గాళ్లు అరిగిపోయినవి కాకూడదు. బడికి వేసుకునే నున్నటి నల్ల బూట్లు బండ మీద జారుతాయి. బూటు తొడిగి లేస్ కట్టాక వేళ్ల ముందు మీ బొటనవేలి వెడల్పంత చోటు ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు కాలి గోళ్లు ముందుకు గుద్దుకుంటాయి. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు, నొప్పి బయటపడేది దిగేటప్పుడే. మేజోళ్లు రెండు జతలు తెండి. తడిసిన మేజోడు మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది, మార్చకపోతే పిల్లను ఎత్తుకుని గంట నడవాలి.

నడకకు మూడు వారాల ముందు నుంచి, వారానికి రెండుసార్లు పిల్లలతో మీ కాలనీ పార్కులోనో, కేబీఆర్ పార్కులోనో ముప్పావు గంట నడవండి, అపార్ట్‌మెంటులో ఒకసారి లిఫ్టు మాని మెట్లు ఎక్కించి చూడండి. పిల్లల కాళ్లు బలపడటం కంటే ముఖ్యమైన ప్రయోజనం ఒకటుంది: మీ పిల్ల ఎంతసేపటికి విసుగు చెందుతుందో, విసుగు వచ్చినప్పుడు ఏం చేస్తుందో మీకు ముందే తెలుస్తుంది. కొందరు పిల్లలు అలిసిపోతే నోరు మూసుకుంటారు, కొందరు ఒక్కసారిగా అల్లరి పెంచుతారు. రెండో రకం పిల్లల అల్లరిని చూసి హుషారు అనుకుని మేము చాలాకాలం పొరబడ్డాము.

మూడేళ్ల లోపు పిల్లలను వీపున మోయడానికి చట్రం ఉన్న సంచులు మా దగ్గర నాలుగున్నాయి, ఈ ఏడాది మరో రెండు కొన్నాము. పాత వాటిలో ఒకదానికి నడుము పట్టీ బకిల్ చిట్లింది, దాన్ని మరమ్మతు చేయించకుండా పక్కన పెట్టేశాను. పిల్ల తన మెడ తాను నిలుపుకుని, ఎవరి సాయం లేకుండా కూర్చోగలిగితేనే ఆ సంచి ఇస్తాము. పన్నెండు కిలోల పిల్ల, మూడు కిలోల సంచి కలిస్తే పదిహేను కిలోలు, అది మోకాళ్ల మీద పడేది దిగేటప్పుడు. వచ్చే ముందు పది కిలోల బియ్యం సంచి వీపున కట్టుకుని మీ మెట్లు రెండు అంతస్తులు దిగి చూడండి. నవ్వకండి, ఇది నిజంగానే చాలామంది నాన్నల అభిప్రాయం మార్చింది. సంచిలో కూర్చున్న పిల్ల నడవదు కాబట్టి మీకు చెమట పట్టే ఉదయాన తనకు చలి వేస్తుంది, ఒక స్వెట్టరు, చెవులు కప్పే టోపీ ఉండాలి.

తిండి విషయంలో నా సలహా ఒక్కటే: ఇంట్లో అలవాటైనది తెండి. పులిహోర, అటుకుల పోపు, పల్లీ చిక్కీ, అరటిపండ్లు, ఉడకబెట్టిన గుడ్లు చాలు. సీతాఫలాల రోజుల్లో వికారాబాద్ దారిలో బుట్టలు పెట్టి అమ్ముతారు, కొనుక్కోండి, గింజలు మాత్రం చిన్నవాళ్లకు తీసి పెట్టండి. పెరుగన్నం పదకొండుకల్లా పులుస్తుంది. పైగా అనంతగిరి ఆలయం దగ్గర కోతులు పాలిథిన్ సంచి గరగరమన్న చప్పుడు వింటే చాలు, చెట్టు దిగి వస్తాయి. గత డిసెంబరులో ఒక అమ్మగారు పెరుగన్నం డబ్బా మూత తీశారో లేదో, ఒక కోతి వచ్చి డబ్బాను కాదు, చేతిలోని చెంచాను లాక్కుని పోయింది. అక్కడున్న పిల్లలకు ఆ నడకలో గుర్తున్నది అదొక్కటే. తిండి గుడ్డ సంచిలో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి, కోతుల ముందు తినవద్దు, వాటికి పెట్టవద్దు.

నీళ్లు పెద్దలకు లీటరున్నర, పిల్లలకు ముప్పావు లీటరు చొప్పున తేవాలి. పిల్ల తన సీసాను తానే మోసుకుంటే అడగకుండానే తాగుతుంది. ఓఆర్ఎస్ గురించి ఒక పొరపాటు తరచూ చూస్తున్నాను: 20.5 గ్రాముల పొట్లాన్ని ఒక లీటరు నీటిలో పూర్తిగా కలపాలి. గ్లాసులో కొంచెం పొడి వేసి చిక్కగా తాగిస్తే మేలు కంటే కీడే ఎక్కువ. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలూ దొరుకుతాయి, పొట్లం మీద రాసిన కొలత చూసి కలపండి. పండ్ల రుచితో అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి పానీయాలు దానికి బదులు కావు.

దుస్తులు పొడుగు చేతులవి, పొడుగు ప్యాంటువి, ముదురు రంగులో కాకుండా దూరం నుంచి కనిపించే రంగులో ఉండాలి. ఉత్తరేణి గింజలు, పల్లేరు కాయలు అంటుకుంటే ఇంటికెళ్లి దులుపుకోవచ్చు. దురదగొండి సంగతి వేరు. చలికాలంలో తీగకు వేలాడే దాని కాయలు బంగారు రంగు నూగుతో, మఖమల్లులా మెరుస్తూ, ముట్టుకో అన్నట్టే ఉంటాయి. జనవరిలో ఆరేళ్ల పాప ఒకతె ఆ కాయను చెంపకు ఆనించుకుంది. క్షణాల్లో చెంప ఎర్రబడి, పాప రెండు చేతులతో రుద్దుకోవడం మొదలుపెట్టింది. రుద్దిన కొద్దీ ఆ నూగు మెడకు, చేతులకు పాకింది. అప్పుడు మా పెట్టెలో కట్లు, అయోడిన్, మాత్రలు అన్నీ ఉన్నాయి, కావలసినది లేదు. కావలసినది అంటించే టేపు. చర్మం మీద మెల్లగా అద్ది పీకితే నూగు దానికి అంటుకుని వస్తుంది, ఆ తరువాత చల్లటి నీళ్లతో కడగాలి. ఆ రోజు ఒకరి బ్యాగులో పుస్తకాల అట్టలకు వేసే టేపు దొరకబట్టి గండం గడిచింది. ఈ ఏడాది ప్రతి సహాయకుడి జేబులో ఒక చుట్ట ఉంటుంది, నడక మొదలయ్యే ముందే పిల్లలకు ఆ కాయ బొమ్మ చూపిస్తాము.

ప్రతి పిల్ల మెడలో ఒక ఈల వేస్తాము. దారి తప్పితే వెతుక్కుంటూ నడవకూడదు, దగ్గరున్న చెట్టును పట్టుకుని అక్కడే నిలబడి మూడుసార్లు ఈల ఊదాలి. ఇది ఇంట్లో ఆటలా రెండు మూడుసార్లు ఆడించండి, సరదాగా నేర్చుకుంటారు, పొరుగువారు మాత్రం కొంచెం విసుక్కుంటారు. రాళ్ల సందుల్లో చేతులు పెట్టకూడదని, కొండ తేనెపట్టు కనిపించిన చోట కేకలు వేయకూడదని, రాళ్లు విసరకూడదని కూడా ముందే చెప్పండి. ఆ రోజు మీరు సెంటు రాసుకోవద్దు. ముందు రోజు జ్వరమో విరేచనాలో ఉన్న పిల్లను దయచేసి తీసుకురావద్దు, ఉదయం అయిదు గంటలకు ఫోన్ చేసినా సరే, పూర్తి డబ్బు తిరిగి ఇస్తాము. డబ్బు పోతుందేమో అన్న భయంతోనే ఒంట్లో బాగాలేని పిల్లలను తెచ్చేవారని నాకు ఆలస్యంగా అర్థమైంది. పాత నిబంధనలో సగమే ఇస్తామని రాసింది నేనే.

రుసుము లెక్క కూడా దాచను. ఇదివరకు పన్నెండు కుటుంబాలు, ఇద్దరు సహాయకులు. ఇప్పుడు ఆరు కుటుంబాలు, ముగ్గురు సహాయకులు. పన్నెండు కుటుంబాలు 1800 చొప్పున ఇస్తే 21,600 వచ్చేవి, ఆరు కుటుంబాలు 2600 చొప్పున ఇస్తే 15,600 వస్తాయి. పెద్ద బస్సు బదులు వ్యాను సరిపోతుంది కాబట్టి అద్దెలో కొంత మిగులుతుంది, ఆ మిగిలింది మూడో సహాయకుడి కూలికి, సంచులకు పోతుంది. ఈ సీజన్‌లో నాకు మిగిలేది తక్కువే. ఈ ధర మీకు భారమనిపిస్తే మాతో రానక్కరలేదు, లింగంపల్లి నుంచి రైల్లో వికారాబాద్ వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో అయిదారు కిలోమీటర్లు పోతే అనంతగిరి ఆలయం చేరవచ్చు. అటవీ శాఖ అనుమతించిన దారిలోనే నడవండి, పై ఏర్పాట్లన్నీ మీకూ పనికొస్తాయి. పిల్లలకు రైలే సగం విహారం.

పాత దూరం చూసి ముందుగానే డబ్బు కట్టిన తొమ్మిది కుటుంబాలకు ఈ వారంలోగా నేనే ఫోన్ చేస్తాను. కొత్త పద్ధతి నచ్చకపోతే మొత్తం తిరిగి ఇస్తాను, నచ్చితే పాత రుసుముకే తీసుకువెళ్తాను. మొదటి నడక నవంబరు రెండో ఆదివారం, అనంతగిరికి. వీపు సంచి కావలసినవారు దానికి ముందరి శనివారం సాయంత్రం మా దుకాణానికి వచ్చి పిల్లను కూర్చోబెట్టి సరిచూసుకోండి. నిద్ర లేచి పాలు తాగిన పిల్లను తీసుకురండి, ఆకలితో ఉన్నప్పుడు ఏ సంచీ సరిపోదు.