డంకిర్క్ లెక్క నల్గొండ దాకా వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

‘1940లో బ్రిటన్ హిట్లర్‌తో రాజీ పడి ఉంటే?’ అని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు, కాదనను. కానీ చివర్లో, ఇంగ్లీషువాడు రాజీ పడి యుద్ధం ఆపేసి ఉంటే మనకు స్వాతంత్ర్యం ఐదారేళ్లు ముందే వచ్చేదని తేల్చి పారేశారు చూడండి, అది మాత్రం మింగుడు పడలేదు. మా నల్గొండ నుంచి చూస్తే ఆ లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

ముందు ఆ రాజీ మాట ఎవరిదో చూద్దాం. 1940 మే 26 నుంచి 28 దాకా, అవతల ఫ్రాన్స్‌లో డంకిర్క్ ఒడ్డున బ్రిటిష్ సైన్యం ఇరుక్కుపోయి ఉంటే, లండన్‌లో యుద్ధ మంత్రివర్గం కూర్చుని వాదించుకుంది. ఇటలీని మధ్యలో పెట్టుకుని షరతులేంటో కనుక్కుందాం అన్నది విదేశాంగ మంత్రి హాలిఫాక్స్, ససేమిరా అన్నది చర్చిల్. ఈ హాలిఫాక్స్ మనకు కొత్తవాడేం కాదు, 1931లో గాంధీజీతో ఒడంబడిక చేసుకున్న వైస్రాయ్ ఇర్విన్ ఆయనే. అందుకని ఆయన ప్రధాని అయితే మనల్ని వదిలేసేవాడు అనుకోవడం తేలిక. 1929లో డొమినియన్ హోదా అని ప్రకటించింది కూడా ఆయనే, ఎప్పుడు ఇస్తారో మాత్రం చెప్పలేదు. అలాంటి పెద్దమనిషి చేతికి ఒత్తిడి లేని సామ్రాజ్యం దొరికితే ఇంకో ఇరవై ఏళ్లు కమిటీలు వేస్తూ కూర్చునేవాడని నా అనుమానం.

ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పోయింది, మార్చి 8న రంగూన్ పోయింది, ఆ తర్వాత మూడు రోజులకే, మన నాయకులతో మాట్లాడటానికి మంత్రి క్రిప్స్‌ను రాయబారం పంపుతున్నామని చర్చిల్ నోటి నుంచి ప్రకటన వచ్చింది. సింగపూర్ నిలబడి ఉంటే ఆ క్రిప్స్ విమానం ఎక్కేవాడా? యూరప్‌లో రాజీ కుదిరి నౌకాదళం మొత్తం చేతిలో ఉండి ఉంటే జపాన్ అటువైపు రావడానికే జంకేది, ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు పడేవి కావు, ఆజాద్ హింద్ ఫౌజ్ పుట్టేదీ కాదు. నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణం చేసిన మన హైదరాబాదీ ఆబిద్ హసన్ పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు. డబ్బు సంగతి మరీ ముఖ్యం: యుద్ధానికి ముందు మనం వాళ్లకు బాకీ, యుద్ధం అయ్యేసరికి వాళ్లే మనకు దాదాపు 130 కోట్ల పౌండ్లు బాకీ పడ్డారు. ఇల్లు గుల్లయ్యాకే తెల్లోడు మూట సర్దుకున్నాడు. అలాగని యుద్ధం రావడమే మంచిదైంది అనడం లేదు, 1943లో బెంగాల్‌లో ఆకలితో పోయిన లక్షల మంది ముందు ఆ మాట అనడానికి నోరు రాదు.

బ్రిటన్ అప్పుడు ‘ఒంటరిగా’ పోరాడిందని కూడా మీ వ్యాసంలో ఉంది. ఒంటరి ఎక్కడిది సార్! 25 లక్షల మంది మనవాళ్లు ఆ సైన్యంలో ఉన్నారు. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో జర్మన్ విమానాలతో తలపడిన స్పిట్‌ఫైర్ దళాల్లో 152వ స్క్వాడ్రన్ పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని చిహ్నం మీద నిజాం తలపాగా, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న నినాదం. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ నిజాం డబ్బుతో ఒక స్క్వాడ్రన్‌కు విమానాలు కొన్నారు. 1941 డిసెంబర్‌లో జపాన్ వాళ్లు మలయాలో దిగినప్పుడు కోటా బారు విమానాశ్రయం దగ్గర కాపలా ఉన్నదీ నిజాం పలటనే. ఆ సొమ్ము ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా.

యుద్ధం మా ఊళ్లకు ఎలా వచ్చిందంటే లెవీ గల్లా రూపంలో వచ్చింది. కల్లంలో వడ్లు ఇంకా కుప్ప మీద ఉండగానే పటేలూ పట్వారీ వచ్చి నీ వంతు ఇంత అని రాసుకునేవాళ్లు, తిండికి మిగులుతుందా లేదా అన్నది వాళ్లకు పట్టేది కాదు, అదే వందల ఎకరాల దొర గడి ముందుకు వచ్చేసరికి కలం ఆగిపోయేది. సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, ఊరూరా పాకడానికి వెట్టి ఎంత కారణమో ఈ లెవీ అంత కారణం. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయినప్పుడు ఆ ఊరు నల్గొండ జిల్లాలోనే ఉండేది.

ఇప్పుడు మీ ‘అయి ఉంటే’ని ఇక్కడ పెట్టి చూడండి. 1940లో రాజీ అయ్యి, బ్రిటన్ చెక్కుచెదరకుండా ఉండి, నిజాంతో ఒప్పందం అలాగే నడుస్తుంటే, 1946లో గుత్పకర్రలు పట్టుకుని లేచిన రైతుల మీదికి రజాకార్ల కంటే ముందు సికింద్రాబాద్ నుంచి గోరా పలటన్ దిగేది. 1948 సెప్టెంబర్‌లో బెజవాడ రోడ్డున కోదాడ, సూర్యాపేట మీదుగా యూనియన్ సైన్యం వచ్చే ప్రశ్నే లేదు. మూసీ వంతెన పేల్చేసి కూడా నిజాం సైన్యం దాన్ని ఆపలేకపోయింది, ఎందుకంటే వెనకాల నిలబడాల్సిన పాత మిత్రుడు అప్పటికే ఓడ ఎక్కేశాడు. మిగిలిందల్లా దొంగచాటుగా రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు తెచ్చిన సిడ్నీ కాటన్ లాంటివాళ్లు, తమాషా ఏంటంటే 1939లో బ్రిటన్ కోసం జర్మనీ మీద గుట్టుగా ఫొటోలు తీసింది కూడా ఈ కాటనే.

అసలు మన దగ్గర ఇంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. 1857 జులై 17న తిరుగుబాటుదారు తుర్రెబాజ్ ఖాన్ మనుషులు హైదరాబాద్‌లో ఇంగ్లీషువాళ్ల కోఠీ రెసిడెన్సీ మీద పడినప్పుడు నిజాం దివాన్ సాలార్‌జంగ్ తిరుగుబాటు వైపు మొగ్గి ఉంటే? నిజాం చేజారితే అంతా పోయినట్టేనని బొంబాయి గవర్నర్ తంతి పంపాడని చెబుతారు. ఢిల్లీ, లక్నో మండుతున్న ఆ రోజుల్లో దక్కన్ కూడా అంటుకుంటే మద్రాసు సైన్యం ఎవరివైపు ఉండేదో ఊహించండి. హాలిఫాక్స్ మీద రెండు పేజీలు ఇచ్చారు కదా, దీని మీద ఒక్క పేజీ ఇప్పించండి. రాయించేది మాత్రం ఉర్దూ, ఫార్సీ దస్తావేజులు చదవగలిగిన వాళ్లతో రాయించండి, లండన్ పుస్తకాలు చూసి కాదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
నల్గొండ