గోదావరి మెట్ల మీద చేయి అందించిన అమ్మకు కృతజ్ఞతలు

కార్తిక సోమవారం తెల్లవారుజామున రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో పై మెట్టు మీదే ఆగిపోయిన నాకు చేయి అందించిన అమ్మా, ఆ క్షణంలో మీ పేరు కూడా అడగలేకపోయినందుకు మన్నించమని కోరుతూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా ఎడమ మోకాలి కీలు మార్పిడి జరిగి అప్పటికి 4 నెలలు. మోకాలు 110 డిగ్రీల వరకు వంగుతోంది, ఇంట్లో కర్ర లేకుండానే తిరుగుతున్నాను. అయినా మెట్లు దిగాలంటే కాలు పట్టు తప్పుతుందన్న భయం నన్ను కదలనిచ్చేది కాదు. మీ రెండు మోకాళ్లకూ ఇదే చికిత్స అయిందని చెప్పి, నాకంటే ఒక మెట్టు కిందికి దిగి నిలబడి, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, ఆపరేషన్ అయిన కాలు ముందు అని మీరు నెమ్మదిగా గుర్తుచేశారు. ఫిజియోథెరపిస్టు నేర్పిన పాఠమే అది. కానీ అనుభవించిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పినప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

తొడ ముందువైపు కండరం బలం పుంజుకోవడానికి నెలలు పడుతుందనీ, దిగేటప్పుడు కాలు వణకడానికి ఆ బలహీనతే కారణమనీ, మంచం మీద కాలు చాపి మోకాలిని కిందికి అదిమి పట్టే వ్యాయామం మానవద్దనీ చెప్పారు. తడి మెట్ల దాకా రావద్దని వారించి, చెంబుతో గోదావరి నీళ్లు తెచ్చి నా పాదాల మీద పోశారు. సొంత అక్క అయినా అంతకంటే ఏం చేస్తుంది?

ఇప్పుడు మా మేడ మెట్లు 18, రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతున్నాను. మీకు నా నమస్కారాలు.