కొవ్వొత్తి మీద తెల్ల మచ్చలు లోపం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంట్లో సువాసన కొవ్వొత్తుల తయారీ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది గానీ ఒక్క మాట మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. కొవ్వొత్తి మీద తెల్ల మచ్చలు పడితే మైనం నాసిరకమని, కరిగించి మళ్లీ పోసుకోమని రాశారు. ఆ మచ్చల కోసమే పనిగట్టుకుని చేసేవాళ్లు ఉన్నారండీ! మాటల్డ్ ఫినిష్ అంటారు దాన్ని. ముదురు నీలం, మెరూన్ రంగుల్లో అయితే గ్రానైట్ బండలాగా ఎంత బాగుంటుందో, లేత రంగుల్లో అసలు తెలియదు.

మన దగ్గర శిక్షణ తరగతుల్లో మొదటి రోజే స్టియరిక్ యాసిడ్ కలపమని చెప్తారు. కొవ్వొత్తి గట్టిగా ఉంటుంది, అచ్చులోంచి సులువుగా ఊడివస్తుంది, నిజమే. కానీ దానితోపాటు, నూనెను మైనంలో పట్టి ఉంచడానికి కలిపే వైబార్ లాంటి పౌడర్ వేస్తే, వాసన కోసం వేసే నూనె మైనంలో పూర్తిగా ఇమిడిపోయి రంగు సాఫుగా వచ్చేస్తుంది. మచ్చ కావాలంటే అలాంటి పౌడర్లు వెయ్యకూడదు. మైనం గట్టిపడుతూ స్ఫటికాలు కట్టేటప్పుడు వాటి మధ్య నూనె చిక్కుకుపోవాలి, అలా చిక్కుకున్న చోటే మచ్చ కనిపిస్తుంది.

58/60 గ్రేడ్ (58–60 డిగ్రీల దగ్గర కరిగే) పారాఫిన్ మైనం కిలోకి 60 నుంచి 80 గ్రాముల ఫ్రాగ్రెన్స్ ఆయిల్ చాలు, అదీ చెంచాలతో కాదు, కాటా మీద తూచి. వాసన వద్దనుకుంటే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ వేసినా మచ్చలు వస్తాయి, రెండూ వేస్తే మాత్రం మొత్తం కలిపి లెక్క చూసుకోవాలి, ఎందుకంటే నూనె మరీ ఎక్కువైతే కొవ్వొత్తికి చెమట పట్టినట్టు పైకి తేలుతుంది, వెలిగిస్తే పొగ వస్తుంది. డిఫ్యూజర్ల కోసం కలిపి అమ్మే సెంట్లు కొన్ని మైనంలో కలవవు, అడుగున చుక్కలుగా దిగిపోతాయి, కొనేముందు కొవ్వొత్తులకు పనికొస్తుందా అని అడగండి.

ఇక అసలు కీలకం చల్లారడంలో ఉంది. 85–90 డిగ్రీల వేడి మీద పోసి, నెమ్మదిగా చల్లారేలా అచ్చు మీద అట్టపెట్టె బోర్లించి వదిలెయ్యాలి. త్వరగా ఆరాలని ఫ్యాన్ కింద పెట్టినా, నీళ్ల గిన్నెలో దించినా, ఫ్రిజ్‌లో పెట్టినా మచ్చలు రావు. వత్తి చుట్టూ గుంట పడుతుంది కదా, పైన పొర కట్టగానే పుల్లతో గుచ్చి, మిగిలిన మైనాన్ని మళ్లీ బాగా వేడి చేసి నింపాలి, మొదటిసారి పోసిన మట్టం దాటకుండా. దాటిందో, పక్కల నుంచి జారి చారలు పడతాయి. మర్నాడు అచ్చు తిరగేసి తడితే ఊడి వస్తుంది, తీసిన వెంటనే మచ్చలు పలచగా కనిపించినా కంగారు పడొద్దు, ఒకటి రెండు రోజుల్లో ఇంకాస్త తేలవచ్చు.

సోయా మైనంతో ఇది కుదరదు, దాని మీద వచ్చే తెల్ల పొర వేరే సంగతి. పిల్లల క్రేయాన్లు కూడా రంగుకి వాడొద్దు, వత్తికి అడ్డుపడి సరిగ్గా వెలగదు. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టే కరిగించాలి, ఈ విషయం మీ వ్యాసంలో అసలు లేదు.

ఇంకో బాధ, మార్కెట్‌లో ‘క్యాండిల్ వాక్స్’ అని అమ్మే కొన్ని మైనాల్లో ముందే ఏవో కలిపేసి ఉంటాయి, ప్యాకెట్ మీద మాత్రం రాయరు. ఏం కలిపారో తెలియనిదే ఎంత జాగ్రత్తగా చల్లార్చినా ఫలితం రాదు, ఇంట్లో నాలుగు కొవ్వొత్తులు చేసి అమ్ముకునే ఆడవాళ్ల డబ్బు వృథా. అమ్మేవాళ్లు దాని మీద వివరం రాయాలి. దీపావళి ముందు ఆర్డర్లు మొదలయ్యేలోపు తెల్ల మచ్చలు లోపం కాదని మీరు సవరణ వేస్తే, మచ్చలొచ్చాయని మంచి కొవ్వొత్తుల్ని కరిగించుకునేవాళ్లు ఆగుతారు.

– ఒక పాఠకురాలు, విజయవాడ