కేదార్‌కంఠ మీద మా తలలు లెక్కపెట్టుకున్న పెద్దాయనకి

డెహ్రాడూన్‌లో ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. రెండు రాత్రులుగా నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మంచుకొండకి ట్రెక్కుకెళ్ళి, దిగేటప్పుడు మేం నలుగురం దారి తప్పాం. తమ్ముడి కాలివేళ్ళకి ఏమీ కాదని డాక్టరు గారు ఇందాకే చెప్పారు. పైచర్మం వరకే దెబ్బతిందట. బొబ్బలు చిదపకుండా, వేళ్ళ మధ్య దూది పెట్టి వదులుగా కట్టు కట్టారు. ఫోన్లు చేస్తున్న అందరికీ ముందుగా ఈ కబురు.

నాన్న, పెద్దమ్మ, బావ రాత్రికి రాత్రే బయల్దేరి వచ్చేశారు. వాళ్ళకి నేను థాంక్స్ చెప్తే తిడతారు. చెప్పాల్సింది వేరే ఒకాయన గురించి.

కేదార్‌కంఠ బేస్ క్యాంపుకీ శిఖరానికీ మధ్య టార్పాలిన్ కింద చాయ్, మ్యాగీ అమ్ముకుంటారాయన. ట్రెక్కు మొదలయ్యే సాంక్రీ పక్కనే ఆయన ఊరు. అరవై దాటుంటాయి. పేరు రాయొద్దన్నారు, రాయను. తెల్లవారుజామున మా జట్టు ఆ దుకాణం దాటుతుంటే చీకట్లో నెత్తిమీది లైట్లు లెక్కపెట్టారట, 23. తర్వాత మబ్బులోంచి దిగొచ్చిన తలలు 19. ఆయన్ని ఎవరూ లెక్కపెట్టమనలేదు. గైడుని అడిగితే "వెనకాల వస్తున్నారు" అన్నాడట. ఆయన ఇంకో గంట చూసి, దుకాణం అలాగే వదిలేసి, ఖాళీ నూనె డబ్బా, ఫ్లాస్కు, బెల్లం మూట, పొడవాటి కర్ర పట్టుకుని పైకి బయల్దేరారు. కాళ్ళకి రబ్బరు బూట్లు, అవి జారకుండా అడ్డంగా చుట్టిన జనపతాడు.

అంతమంది తొక్కిన దారి ఎలా తప్పుతుందని చాలామంది అడుగుతున్నారు. మంచులో తొక్కిన దారి కాలవలా లోతుగా ఉంటుంది. గాలి లేస్తే పొడి మంచు ముందు నిండేది ఆ కాలవలోనే. అరగంటలో చుట్టూ ఉన్న మంచుకీ దారికీ తేడా ఉండదు. దానికి మబ్బు తోడైతే నేల తెలుపు, ఆకాశం తెలుపు, నీడ లేదు, కాలు పెట్టేది ఎత్తులోనో పల్లంలోనో కంటికి తెలియదు. 12,500 అడుగుల ఆ శిఖరం నుంచి కొండ వెన్నులు చేతివేళ్ళలా విడిపోతాయి. మొదట్లో అన్నీ ఒకేలా ఉంటాయి. పక్క వేలు పట్టుకుంటే దిగే కొద్దీ అసలు దారికి దూరమైపోతాం. ఫోనులో మ్యాపు ఉంది, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. కానీ ఫోను పైకోటు జేబులో ఉండడంతో చలికి 40 శాతం బ్యాటరీతోనే ఆగిపోయింది. ఫోను లోపలి చొక్కా జేబులో, ఒంటికి ఆనుకుని, ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి.

ఆయనకి మేం దొరికింది విజిల్ వల్ల. చాలా బ్యాగులకి ఛాతీ పట్టీ బకిల్‌లోనే చిన్న విజిల్ ఉంటుంది, చూసుకోండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. అరుపులు పనికిరావు, గొంతు పోతుంది, కొత్త మంచు శబ్దాన్ని మింగేస్తుంది. ఆగిన నిమిషంలో కింద ఎక్కడో డబ్బా మీద దెబ్బలు వినపడ్డాయి. మూడు, ఆగడం, మళ్ళీ మూడు. కదలొద్దు, ఉన్నచోటే ఊదుతూ ఉండండి అని దూరం నుంచే కేకేశారు. మేం కదిలుంటే ఆ మబ్బులో ఒకరి వెనక ఒకరం తిరుగుతూనే ఉండేవాళ్ళం.

వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, దారి మీదే ఉన్నామని చివరిసారి గట్టిగా తెలిసింది ఎక్కడ అని. ఆ తర్వాత మా ప్లాన్ మొత్తం మార్చేశారు. మా లెక్క ప్రకారం బేస్ క్యాంపుకి దిగి, భోజనం చేసి, మూడింటికల్లా ఇంకా కిందున్న హర్‌గావ్ క్యాంపు చేరాలి. హర్‌గావ్ మాట మర్చిపోండి, ఈ రాత్రి నా దుకాణంలోనే అన్నారు. అక్కడికైనా అడ్డంగా వాలు దాటితే దగ్గర. కానీ అది ఎందుకు వద్దో ఆయన కర్ర గుచ్చి చూపించారు: పైన ఒక జాన మెత్తగా దిగి, టక్కున ఆగింది. గట్టిపడ్డ పాత మంచు మీద గాలి తెచ్చి పోసిన కొత్త మంచు, రెండూ ఇంకా అతుక్కోలేదు. నిటారు వాలులో అడ్డంగా నడిస్తే మన అడుగే దాన్ని కోసి జార్చేస్తుంది. ఇక రెండోది వాగు లోయ. దిగుతూ పోతే ఊరొస్తుందని అందరికీ అనిపించే దారి, మాకూ అదే అనిపించింది. కానీ మంచంతా చేరేది అక్కడే, నడుం లోతు దిగబడతాం, కింద బండలు, నీళ్ళు, చివరికి దిగలేని అంచు. అందుకని దిగిపోవాలని ప్రాణం కొట్టుకుంటున్న చోట మళ్ళీ పైకి ఎక్కించారు. కొండ వెన్ను మీద గాలి మంచుని ఊడ్చేస్తుంది, కాలు నిలుస్తుంది. వెన్ను అంచున మాత్రం మంచు చూరులా బయటికి వేలాడుతుంటుంది, దానికి దూరంగా నడవాలి. ఎక్కడం 40 నిమిషాలు. మంచు తన్ని మెట్టు చేసే పని ముందున్నవాళ్ళు 50 అడుగులకోసారి మారాలి, ఎంతటివాళ్ళయినా అలిసిపోతారు. ఆయన మాత్రం తానే ముందుండి, ఎవర్నీ మారనివ్వలేదు.

ఎక్కించే ముందు జరిగింది చెప్పకుండా ఈ పోస్టు పూర్తి చేయలేను. తమ్ముడికి వణుకు ఆగిపోయింది. తగ్గిందనుకున్నాం. ఆయన మొహం మారిపోయింది. ఒంట్లో వేడి పడిపోతున్నప్పుడు వణుకు ఆగడం మంచిది కాదు, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి కూలబడడం దాని తర్వాతివి. బ్యాగులు పరిచి వాటి మీద కూర్చోబెట్టి, తడి కాటన్ బనియను విప్పించి, తన ఉన్ని స్వెట్టరు తొడిగారు. ఫ్లాస్కులో చాయ్, బెల్లం ముక్క, గుక్కగుక్కగా. మేం చేతులు రుద్దబోతే ఆపారు. గడ్డకట్టిన చర్మాన్ని రుద్దితే లోపల చిట్లుతుంది. మొద్దుబారిన కాలిని మంట దగ్గర పెడితే కాలినా తెలియదు. బూట్లు విప్పించారు. వేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి. ఆయన మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, కోటు బొత్తాలు తీసి, చొక్కా పైకి లాగి, ఆ రెండు పాదాలనీ తన వట్టి పొట్టకి ఆనించుకుని కోటు కప్పేసుకున్నారు. చల్లదనానికి ఒక్కసారి కళ్ళు మూసుకోవడం చూశాను. పది, పన్నెండు నిమిషాలు అలాగే ఉన్నారు.

పెద్దవాళ్ళకి కాలు తగిలితే దండం పెట్టుకుని కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగాం. తమ్ముడు "వద్దు బాబాయ్, వద్దు" అని తెలుగులోనే ఏడుస్తున్నాడు. ఆయనకి ఆ భాష రాదు. "కోయీ బాత్ నహీ బేటా" (ఏం ఫర్వాలేదు నాన్నా) అంటూ పాదాలు ఇంకా దగ్గరికి లాక్కున్నారు. ఇది రాస్తుంటే చేతులు ఆడడం లేదు.

స్పర్శ వచ్చాక పొడి మేజోళ్ళు, వాటి మీద బ్రెడ్డు కవర్లు, వాటి మీద తడి బూటు. చీకటి పడేలోపు దుకాణానికి చేర్చారు. ఒంట్లో మిగిలిన చలి పోవడానికి రాత్రి సీసాల్లో వేడినీళ్ళు పోసి మేజోడు తొడిగి చంకల్లో, గజ్జల్లో పెట్టించారు. బూట్లు స్లీపింగ్ బ్యాగు అడుగున పెట్టించారు, బయటుంటే పొద్దునకి బిగుసుకుపోతాయి. బొగ్గుల కుంపటి మాత్రం ఎంత అడిగినా టార్పాలిన్ లోపలికి తేనివ్వలేదు. మూసిన చోట దాన్నుంచి వచ్చే కంటికి కనపడని విషవాయువు నిద్రలోనే చంపేస్తుంది. బయట జిగురు పట్టిన పైన్ పుల్లలు వెలిగించారు, గుగ్గిలం వాసన. రాత్రంతా మధ్యమధ్యలో వచ్చి తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచి, జవాబిస్తేనే వెళ్ళేవారు.

ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. ట్రెక్కుకి డబ్బు కట్టించుకున్నవాళ్ళు పది మందికి ఒక గైడు అన్నారు, 23 మందికి ఒక్కడే. 3,000 మీటర్ల పైన మంచు పడుతుందని వాతావరణ శాఖ ముందు రోజే హెచ్చరించింది, మాకెవరూ చెప్పలేదు. ఎక్కేటప్పుడు పర్మిట్టు, రశీదు, ఆధార్ జిరాక్సు అన్నీ తీసుకున్నారు. దిగినవాళ్ళని సరిచూసే పుస్తకం ఎక్కడా కనపడలేదు. ఎక్కినవాళ్ళ పేరు ఎదురుగా దిగాక ఒక టిక్కు, అంతే కదా. ఎంత మంది తిరిగొచ్చారన్న లెక్క ఒక చాయ్ దుకాణం పెద్దాయన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. బతిమాలుతున్నాను, వెళ్ళేవాళ్ళు సాంక్రీలోనే అడగండి, మా లెక్క ఎవరు చూస్తారు, ఎన్ని గంటలకి వెనక్కి తిప్పుతారు అని.

బాబాజీ, మీకు ఈ తెలుగు ఎవరైనా చదివి చెప్తారో లేదో. సంక్రాంతికి మా ఇంట్లో మీ పేరున కొత్త బట్టలు తీస్తామని పెద్దమ్మ అంటోంది. మీ స్వెట్టరు తమ్ముడి ఒంటి మీదే ఉంది, తియ్యనంటున్నాడు.

అయ్యో, మరిచిపోయాను. దారిలో ఉన్న జూడా కా తాలాబ్ అనే చెరువు నుంచి సాంక్రీ దాకా తమ్ముణ్ణి ఎక్కించుకుని, పగ్గం వదలకుండా నడిచిన కంచరగాడిద కుర్రాడికి. డెహ్రాడూన్ దాకా రాత్రంతా బండి నడిపిన డ్రైవరన్నకి. ఇక్కడ స్టీలు క్యారియరులో చారన్నం తెచ్చిన తెలుగువారికి, ఆ ఇల్లాలి పేరు కూడా అడగలేదు, క్షమించండి. కట్టు కట్టేటప్పుడు కబుర్లు చెప్పిన నర్సమ్మకి. ఇంకా పుణె నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు, దిగేటప్పుడు తన ఉన్ని మేజోళ్ళు తీసిచ్చి వెళ్ళిపోయారు. ఆకుపచ్చవి, మడమ దగ్గర కుట్టు ఉంది. ఉతికి వరండాలో ఆరేశాను. ఆమె ఎవరో తెలిసినవాళ్ళుంటే చెప్పండి, పంపిస్తాను.