కడుపుది తప్పేం లేదురా

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ వచ్చి వారం దాటింది, ఇప్పటికి తీరిక దొరికింది. చిన్నప్పుడు బస్సెక్కితే ఒళ్ళో ఒక కవరు, జేబులో ఇంకో కవరు పెట్టుకుని కూర్చునేవాడివి, మేమంతా పగలబడి నవ్వేవాళ్ళం, గుర్తుందా? ఆ పాపం నాకు మొన్న తగిలింది. డ్రైవింగ్ సిమ్యులేటర్‌కి నేను రాసిన కంట్రోలర్‌ని నేనే పరీక్షిద్దామని కూర్చుని పన్నెండో నిమిషానికి దిగిపోయాను. మొదట వరసగా ఆవులింతలు, తర్వాత నోట్లో నీళ్ళూరడం, మెడ వెనక చల్లటి చెమట, ఆపైన సంగతి నీకు చెప్పక్కర్లేదు. గంటసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాక కోడ్ తెరిచి చూస్తే, సిగ్నల్‌ని నునుపు చేస్తూ కాస్త ఆలస్యం కూడా చేసే ఫిల్టర్ ఒకదాన్నే రెండు చోట్ల పెట్టేశాను. తెర మీద రోడ్డు మలుపు తిరిగిన కాసేపటికి గానీ కుర్చీ ఒరగడం లేదు. కాసేపంటే సెకనులో పావు వంతు కూడా ఉండదు, అయినా నా పని పట్టింది.

కంట్రోల్ ఇంజినీరింగ్ వాడివి, వాంతులతో నీకేం పని అని అడిగావు కదా. అసలు వాంతి మొదలయ్యేది కడుపులో కాదురా, లెక్కలో. చెవి లోపల మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి, తల తిరగడాన్ని అవి పట్టుకుంటాయి. పక్కనే సన్నటి కాల్షియం స్ఫటికాలు అతుక్కుని ఉండే ఓటోలిత్ అవయవాలు రెండు ఉంటాయి, ముందుకి తోసినా పక్కకి వంచినా వాటికి తెలుస్తుంది. కానీ తోశారా, వంచారా అన్నది మాత్రం వాటికి తెలియదు. డ్రోన్‌లో త్వరణాన్ని కొలవడానికి పెట్టే యాక్సెలరోమీటర్‌దీ ఇదే గోల. అందుకే ఒక్క సెన్సర్‌ని నమ్మకుండా మా ఇంజినీర్లు ఏం చేస్తారు? వ్యవస్థ ఎలా కదులుతుందో ఒక మోడల్ పెట్టుకుని, ఇప్పుడు సెన్సర్‌లో ఏం కనపడాలో ముందే అంచనా వేసి, నిజంగా వచ్చినదానితో పోల్చి, తేడాని బట్టి అంచనా సరిదిద్దుకుంటారు. 1960లో కాల్మన్, ఆ తర్వాత లూయెన్‌బర్గర్ అనే ఇంజినీర్లు చెప్పింది ఇదే, దీన్ని మేం అబ్జర్వర్ అంటాం. ఎంఐటీలో చార్లెస్ ఓమన్ 1982లో ఈ అబ్జర్వర్‌నే మెదడుకి అన్వయించి, ఆ మిగిలే తేడాయే వికారానికి మూలమని ఒక గణిత మోడల్ రాశాడు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, అందులో వేగంగా స్పందించే దారి ఒకటి, నిదానంగా నిండి నిదానంగా ఖాళీ అయ్యే దారి ఇంకోటి ఉంటాయి. నువ్వు బస్సు దిగి అరగంటైనా తేరుకోకపోవడం, ఒకసారి తిప్పడం మొదలయ్యాక చిన్న కుదుపుకే ప్రాణం మీదికి రావడం, అన్నీ ఆ రెండో దారి పుణ్యమే.

మరి డ్రైవర్‌కి ఎందుకు రాదు? స్టీరింగ్ తిప్పేది తనే కాబట్టి ఆ కమాండ్ కాపీ ఒకటి మెదడులోని మోడల్‌కి ముందే అందుతుంది. 1991లో ఇద్దరిద్దరిని కలిపి ఒకే కదలికకి గురిచేసిన ప్రయోగంలో, తిప్పే పగ్గం చేతిలో ఉన్నవాళ్ళకి వికారం తక్కువగా వచ్చింది. అసలు లోపలి చెవి పని చెయ్యకపోతే ఈ బాధే లేదు. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం గాలొడెట్ కాలేజీకి చెందిన 11 మంది బధిరుల మీద పరీక్షలు మొదలుపెట్టింది. వాళ్ళలో ఎక్కువమందికి మెనింజైటిస్ వల్ల లోపలి చెవి పాడైంది. ఒకసారి అల్లకల్లోలంగా ఉన్న సముద్రం మీదికి తీసుకెళ్తే వాళ్ళు హాయిగా పేకాడుకున్నారు, పరీక్షించడానికి వెళ్ళినవాళ్ళే వాంతులతో కూలబడి ప్రయోగం ఆపేశారు!

అయితే అసలు ఈ తేడాకి వాంతి ఎందుకు రావాలి? ట్రీస్‌మన్ అని ఒకాయన 1977లో, ఇంద్రియాలు పొంతన లేకుండా మాట్లాడితే మెదడు ఒంట్లో విషం చేరిందనుకుంటుందని అన్నాడు. వినడానికి బావుంటుంది గానీ నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు.

మనందరం పొరబడే విషయం ఒకటుంది. గతుకుల రోడ్డు వల్ల వికారం వస్తుందనుకుంటాం. గతుకులు నడుముని విరగ్గొడతాయి గానీ కడుపు జోలికి పెద్దగా పోవు. అసలు శత్రువు 0.2 హెర్ట్జ్ దగ్గర ఉంది, అంటే ఐదు సెకన్లకి ఒక ఊపు. ప్రయాణంలో వికారాన్ని లెక్కగట్టే ఐఎస్ఓ 2631 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా 0.1 నుంచి 0.5 హెర్ట్జ్ మధ్యనే చూస్తుంది. ట్రాఫిక్‌లో కొందరు బ్రేకు మీద కొంచెం కాలేసి, తీసి, మళ్ళీ వేస్తూ కారుని ఉయ్యాలలా ఊపుతారే, అదే. పైగా వాళ్ళు చాలా మెత్తగా నడుపుతున్నామనుకుంటారు.

రైళ్ళవాళ్ళకి ఇది అనుభవమే. మలుపుల్లో పక్కకి ఒరిగే ఏపీటీ (అడ్వాన్స్‌డ్ ప్యాసింజర్ ట్రైన్) అనే రైలుని 1981 డిసెంబరులో బ్రిటన్‌లో పత్రికల వాళ్ళని ఎక్కించి నడిపితే కొందరికి కడుపు తిప్పింది. మలుపులో పక్కకి తోసే బలాన్ని ఆ రైలు పూర్తిగా మింగేస్తుంది, కిటికీలో నేల ఒరుగుతోంది, ఒంటికేమో ఏమీ తెలియడం లేదు. ఒరుగుడు కొంత తగ్గించి, కాస్త తోపు తెలిసేలా వదిలేస్తే నయమైంది. తర్వాత స్విస్ రైళ్ళ మీద జరిపిన పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. ముందు పెట్టెలోని సెన్సర్ మలుపుని పసిగట్టాక ఒరిగితే ఆలస్యం, అందుకే వికారం. ఎక్కడ మలుపుందో ముందే తెలుసుకుని సరిగ్గా దాని మొదట్లోనే ఒరగడం మొదలుపెడితే అది దాదాపు పోయింది. యంత్రం అదే, మారింది టైమింగ్ ఒక్కటే. ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఇప్పుడు నేను చేస్తున్నది కూడా అదే, డ్రైవర్ లేని కారుకి. అందులో అందరూ ప్రయాణికులే, అందరూ ఫోన్లో తల పెట్టేవాళ్ళే. మెల్లగా వెళ్తే పోలేదా అంటావు. పోతుంది! వేగం సగం చేస్తే మలుపులో పక్కకి తోసే త్వరణం నాలుగో వంతు అవుతుంది, వికారం డోసు, అంటే ప్రయాణమంతా కలిపి ఎంత వికారం పోగవుతుందో ఆ లెక్క, కాలానికి వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి ప్రయాణం రెట్టింపైనా మొత్తం మీద దాదాపు మూడో వంతుకి దిగుతుంది. కాకపోతే ఆ కారు ఎవడెక్కుతాడు? అందుకే రాబోయే కొన్ని సెకన్ల రోడ్డుని ముందే చూసుకుని, ఆ ఐదు సెకన్ల ఊపు రాకుండా బ్రేకూ స్టీరింగూ ఎప్పుడెంత వాడాలో కంట్రోలర్ లెక్కేసుకుంటుంది. మొదట్లో టైమ్‌కి ఎంత విలువివ్వాలి, కడుపుకి ఎంత ఇవ్వాలి అనే దగ్గరే నెలలు కొట్టుకున్నాను, ఇప్పటికీ తేలలేదు.

ఆ ఫిల్టర్ తప్పు సరిచేశాను. నేనిప్పుడు అరగంట కూర్చున్నా ఏమీ కావడం లేదు, కానీ అది కంట్రోలర్ గొప్పతనమో, నాకు అలవాటైపోయిందో చెప్పలేను. నీలాంటి సున్నితమైన సెన్సర్ కావాలిరా. సెలవు దొరికితే రెండ్రోజులు వచ్చిపో. కవర్లు నేను తెస్తాలే.

నీ
చంటి