మా ఎమ్మెల్యే గారికి ఒక మామిడి రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎమ్మెల్యే గారికి నమస్కారాలు.

మా నాన్న ఓటేసిన పార్టీకే నేనూ వేస్తూ వచ్చాను. మీది ఆ పార్టీ కాదు. 2025 సీజన్‌లో తోతాపురి ట్రాక్టర్లు పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరినప్పుడు, రాత్రిపూట మీరొచ్చారు. మెత్తబడుతున్న కాయను చేత్తో నొక్కి చూశారు. ఏ పార్టీ అని ఒక్కరినీ అడగలేదు. ఏ సభా మార్చలేని నా మనసు అక్కడే మారింది.

ప్రభుత్వం కిలోకు 12 రూపాయలంది: తన వాటా 4, ఫ్యాక్టరీలది 8. మేం కాయ తోలిన ఫ్యాక్టరీ ఆ 8 పూర్తిగా ఇవ్వలేదు. అప్పుకు వడ్డీ పెరుగుతోంది, పాప కాలేజీ ఫీజు టెన్షన్ వేరే. మీ ఆఫీసులో ఇచ్చిన అర్జీలకు జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

చిత్తూరులో కలెక్టర్ గారి ముందు ఫ్యాక్టరీ వాళ్లనూ రైతులనూ కూర్చోబెట్టి, బకాయి చెల్లించే తేదీ రాతపూర్వకంగా ఇప్పించండి.

ఇట్లు,
మీ నియోజకవర్గ రైతు